అడుగున నాలుగు చిల్లులు

ఐదు వందల పెట్టెలు ఇళ్లకు వెళ్లాయి. పద్నాలుగు రోజుల్లో పదిహేడు తిరిగొచ్చాయి.

గురువారం పొద్దున పదింటికి ఈ సంగతి ఫోన్లో చెప్పింది కంపెనీ మేడం. ఆమె పెన్సిల్ సెల్లులు చేసే కంపెనీలో ప్యాకింగ్ విభాగం చూస్తుంది. ఇవతల ఫోను పట్టుకున్నది పెట్టెల మేస్త్రి. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించి, చేతిలోని అట్టను మడత గీత మీద వంచుతున్నాడు. వంచడం ఆపాడు.

"పదిహేడా, నూట డెబ్భయ్యా?"

"పదిహేడండీ. ఒకటి, పక్కన ఏడు."

మేస్త్రికి ఇంటి ముందుగదే షెడ్డు. అందులో అట్ట కోసే మెషీన్ ఒకటి, బల్ల ఒకటి, కిటికీ పక్కన అట్టల దొంతర. ముప్పై రెండేళ్లుగా ఆయన ఇంకొకరు గీసిన పెట్టెలే కోశాడు. మందుల పెట్టెలు, సబ్బుల పెట్టెలు, బల్బుల పెట్టెలు. ఈ ఒక్క పెట్టె ఆయన గీసుకున్నది. అది మెషీన్ ఎక్కి లక్షల్లో బయటికి వెళ్లాలని ఆయన కోరిక. అన్నం దగ్గర రోజూ అదే మాట కాబట్టి ఇంట్లో అందరికీ తెలుసు.

పెట్టెలో నాలుగు గదులు. ఒక్కో గదిలో ఒక్కో కొత్త పెన్సిల్ సెల్లు నిలబడి ఉంటుంది. కొత్తది తీసిన చోట అయిపోయినది పెట్టాలి. నాలుగూ పాతవయ్యాక మూత మూసి వీధి మొదట్లో ఉన్న కరెంటు షాపు డ్రమ్ములో వేయాలి. అక్కణ్ణుంచి కంపెనీ తీసుకెళ్తుంది. సెల్లులు కరిగించే చోటికి, అట్ట గుజ్జు మిల్లుకి.

"మేస్త్రిగారూ, సోమవారం రెండో ఐదు వందలు వీధికి అవతలి వైపు ఇళ్లకు వెళ్లాలి," అంది మేడం. "పంపమంటారా, ఆపమంటారా?"

"ఆపితే?"

"ఇక అంతే. పాత పద్ధతికి వెళ్లిపోతాం. వెనక అట్ట, ముందు ప్లాస్టిక్."

"పంపితే?"

"రెండో వారం శనివారం సాయంత్రం ఐదు లోపల రెండు వందల యాభై నిండు పెట్టెలు షాపుకి రావాలి. జనం వాళ్లంతట వాళ్లు తేవాలి, మీరు ఇల్లిల్లూ తిరిగి వసూలు చేయకూడదు. వస్తే మీ పెట్టె ఖాయం. అన్ని ఊళ్లకూ అదే."

"మధ్యలో ఏమైనా మార్చుకోవచ్చా?"

"సోమవారం లోపల ఏమైనా మార్చుకోండి. అట్ట మాత్రం ఇచ్చిందే. ఇంకో షీటు ఇవ్వను."

ఆ ఐదు వందలూ అప్పటికే కోసి, మడవకుండా దొంతరగా పెట్టి ఉన్నాయి. మేస్త్రి వాటి వైపు చూశాడు.

మధ్యాహ్నం రెండున్నరకు కోడలు పని నుంచి వచ్చింది. ఆమె చెత్త వేరు చేసే షెడ్డులో బెల్టు దగ్గర నిలబడుతుంది. అట్ట ఒక బుట్టలో, సీసాలు ఒక బుట్టలో, రేకు ఒక బుట్టలో. మూడు నెలల కిందట అక్కడ అట్టల మోపు కడుతుండగా పొగ లేచింది. అట్టల మధ్య ఎవరో పారేసిన ఫోను బ్యాటరీ నలిగింది. మోపు మొత్తం తగలబడింది. ఆ రోజు ఇంటికొచ్చి ఆమె చెప్పిన మాటలోంచే ఈ పెట్టె పుట్టింది. "ఫోనువి నిప్పు పెడితే, పెన్సిల్ సెల్లులు కారి అట్టను పాడు చేస్తాయి మామయ్యా. మీరు చేసిన సబ్బు పెట్టెలే ఎన్నిసార్లు ఎత్తి పారేశానో," అంది. తన పెట్టెను ఎత్తి పారేశారన్న మాట మేస్త్రికి మింగుడు పడలేదు. మర్నాడే పెన్సిలు పట్టాడు.

"పదిహేడట," అన్నాడిప్పుడు.

కోడలు సంచి కింద పెట్టింది. "రేపూ ఎల్లుండీ నాకు సెలవు. వెళ్లి చూద్దాం రండి."

"వసూలు చేయకూడదంది."

"వసూలు చేయం. పెట్టె ఎలా ఉందని అడుగుతాం. అడగడానికి కూడా మేడం పర్మిషన్ కావాలా?"

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు మొదటి తలుపు కొట్టారు. రెండో అంతస్తు. తలుపు తీసినామె పెట్టె మాట వినగానే లోపలికి పిలిచింది.

"ఇది చేసింది మీరా? రండి రండి, కూర్చోండి. ఏమండీ, ఆ పెట్టె చేసినాయన వచ్చాడు!"

పెట్టె టీవీ పక్కన ఉంది. ఆమె మూత తీసింది. నాలుగు గదుల్లో మాత్రలు.

"మా ఆయనకు రోజుకు నాలుగు పూటలు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. సరిగ్గా నాలుగు గదులు! ఇది వచ్చాక ఒక్క పూట మర్చిపోలేదు. మందుల కోసమే చేసినట్టుంది."

"మూత ఎలా పడుతోందమ్మా?" అని మేస్త్రి అడిగాడు.

ఆమె మూసింది. టక్కుమంది. మేస్త్రి కోడలి వైపు చూశాడు. ఆ చూపులో గర్వం ఉంది. వందసార్లు తెరిచి మూసినా మూత టక్కుమనాలన్నది ఆయన షెడ్డు నియమం. ఈ పెట్టెకు నూట ఇరవై సార్లు చూశాడు.

"మరి సెల్లులో?" అంది కోడలు.

"అవా? కొత్తవి సొరుగులో పోశాను. పాతవి చెత్తబుట్టలో."

మూడో అంతస్తులో దర్జీ ఉంటాడు. ఆయన పెట్టెలో గుండీలు ఉన్నాయి. తెల్లవి, నల్లవి, గోధుమ రంగువి, నాలుగో గదిలో హుక్కులు. ఇలాంటివి ఇంకో ఆరు దొరుకుతాయా అని అడిగాడు. పై ఇంట్లో కొత్తగా పెళ్లయినావిడ చెవిదుద్దులు పెట్టుకుంది, గదికో జత. "ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వనండీ," అంది. ఎదురింట్లో టీచరమ్మ సుద్దముక్కలు పెట్టుకుంది. మెట్లు ఎక్కేకొద్దీ మేస్త్రి నడుము నిటారవుతోంది. కోడలు వేళ్లు మడిచి లెక్కపెడుతోంది. పదకొండు ఇళ్లు. పదకొండు మెచ్చుకోళ్లు. సెల్లులు సున్నా.

పన్నెండో ఇంట్లో కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఉంటాడు. ఆయన కిటికీ గట్టు మీద గాజు సీసా ఉంది. సీసా నిండా పాత సెల్లులు.

"ఎండలో పెడితే కాస్త ఊపిరి పోసుకుంటాయి," అన్నాడు పెద్దాయన.

"పోసుకున్నాయా తాతా?" అంది కోడలు.

"ఇంకా లేదు. రెండేళ్లయింది."

పెట్టె బల్ల మీద ఉంది. ఖాళీగా. తుడిచి పెట్టాడు.

"అందులో వేసి షాపులో ఇచ్చేయొచ్చు కదా?"

పెద్దాయన ఆమె వైపు తిక్క మనిషిని చూసినట్టు చూశాడు. "ఆ సెల్లులు చూశావా? తుప్పు కారుతున్నాయి. అవి పెడితే పెట్టె పాడైపోదూ?"

ఇద్దరూ మెట్లు దిగారు. కింద గేటు దగ్గర కోడలు ఆగింది.

"మామయ్యా, ఒక మాటంటే కోపం రాదు కదా?"

"వస్తుంది. అను."

"మీ పెట్టె మరీ బాగుంది."

మేస్త్రి గేటు గడియ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన నాలుగుసార్లు తెరిచే పెట్టెను నూట ఇరవై సార్లు తెరిచేలా చేశాడు. కొని పారేసేదాన్ని కొని దాచుకునేదిగా చేశాడు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ తోచలేదు.

"అయితే చెడగొట్టాలి," అన్నాడు చివరికి.

"చెడగొట్టాలి."

"ముప్పై రెండేళ్లు పట్టింది బాగా చేయడం నేర్చుకోడానికి!"

"చెడగొట్టడానికి మూడు రోజులున్నాయి. నడవండి."

శనివారం పొద్దున పరీక్ష మొదలైంది. పరీక్ష పెట్టింది మేస్త్రి భార్యకు, ఆమెకు చెప్పకుండా. ఆ ఇంట్లో డబ్బా గానీ సీసా గానీ ఆమె చేతిలోంచి తప్పించుకుని చెత్తబుట్ట దాకా వెళ్లలేదు. ఆమె పారేస్తే లోకంలో ఎవరైనా పారేస్తారని కోడలి వాదన.

మొదట అట్టను తిరగేసి మడిచారు. బొమ్మలు, రంగులు లోపలికి పోయి బూడిదరంగు వైపు బయటికి వచ్చింది. వంటగది గట్టు మీద పెట్టి షెడ్డు తలుపు చాటు నుంచి చూశారు. నాలుగు నిమిషాల్లో రబ్బరు బ్యాండ్లు అందులోకి చేరాయి.

రెండోసారి మూత చింపేశారు. అంచులు పీచులు పీచులుగా వేలాడుతున్నాయి. ఈసారి జడపిన్నులు.

"మూత లేదు కదా అత్తయ్యా?" అని కోడలు ఉండబట్టలేక అడిగేసింది.

"లేకపోతే ఏం? చేతికి తొందరగా అందుతాయి."

మేస్త్రి షెడ్డులోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. "బురద పూసి పెట్టినా కడుక్కుని వాడుతుంది," అన్నాడు.

కోడలు సెల్లు ఒకటి చేతిలో దొర్లిస్తోంది. "మా షెడ్డులో అన్నిటికంటే ముందు జల్లెడ మామయ్యా. చెత్త అందులో తిరుగుతుంది. చిన్నవన్నీ కిందికి రాలిపోతాయి, పెద్దవి ముందుకొస్తాయి. అప్పుడు గానీ మేం చెయ్యి పెట్టం."

మేస్త్రి తలెత్తాడు. ఆమె చేతిలోంచి సెల్లు లాక్కున్నాడు. కొలిచాడు. అడ్డకొలత పద్నాలుగున్నర మిల్లీమీటర్లు. పెట్టె అడుగున నాలుగు చుక్కలు పెట్టాడు. కంపాసు తీసి పన్నెండు మిల్లీమీటర్ల వృత్తం గీశాడు. కత్తి మొన ఆనించి ఆగాడు. అడుగులో చీలిక ఉన్న పెట్టెను కూడా ఆయన ఎన్నడూ గడప దాటనివ్వలేదు.

"కోయండి," అంది కోడలు.

"ఆగు, చేతులు రావడం లేదు."

"కళ్లు మూసుకుని కోయండి."

"వేళ్లు తెగుతాయి!" అని ఆయన కోసేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. సెల్లు పెట్టాడు. చిల్లు అంచు మీద కూర్చుంది. పెట్టెను పైకెత్తి ఊపాడు. సెల్లు జారలేదు.

"సెల్లు మొన కిందికి తగలదా? అక్కడ రేకు గీకు ఉంటే కరెంటు పారుతుంది, ప్రమాదం," అంది కోడలు.

"ఈ అట్ట దళసరిది. మొన లోపలే ఆగుతుంది చూడు." వేలి గోరు ఆనించి చూపించాడు. ఆమె తానూ ఆనించి చూసి, సరేనంది.

మూడో పెట్టె వంటగది గట్టెక్కింది. ఇద్దరూ తలుపు చాటుకు పరిగెత్తారు. అత్తయ్య వచ్చింది. పెట్టె చూసింది. అటూ ఇటూ చూసి, కొంగుకున్న పిన్నీసు తీసి అందులో వేసింది. పిన్నీసు గట్టు మీద పడింది. మళ్లీ వేసింది. మళ్లీ పడింది. పెట్టె ఎత్తి అడుగులోంచి చూసింది. అవతలి వైపు మొగుడి కన్ను కనిపించింది.

"ఇదేం పెట్టె అండీ? అడుగంతా చిల్లులే! దేనికీ పనికిరాదు, అవతల పారేయండి!"

మేస్త్రి రెండు చేతులూ పైకెత్తాడు. "మళ్లీ అను! ఆ మాట ఇంకొక్కసారి అను!"

"దేనికీ పనికిరాదు."

"విన్నావా అమ్మాయ్? దేనికీ పనికిరాదట!" అని అరుస్తూ షెడ్డులోకి పరిగెత్తాడు. అత్తయ్య కోడలి వైపు తిరిగింది. "ఏమైందే ఈయనకి? ముప్పై రెండేళ్లలో నేను తిడితే ఇంత సంతోషపడింది లేదు."

ఆదివారం మెషీన్ దగ్గర. చేత్తో కోస్తే రెండు వేల చిల్లులకు వారం పడుతుంది. మేస్త్రి ఉక్కు గొట్టం ముక్కలు నాలుగు కోసి, అంచులు ఆకురాయితో పదును పెట్టి, చెక్కలో బిగించాడు. చెక్కను మెషీన్‌కు ఎక్కించాడు. మొదటి అట్టకు చిల్లులు పడ్డాయి. రెండో అట్టకూ పడ్డాయి. ఐదో అట్ట దగ్గర తెగిన అట్టబిళ్లలు గొట్టాల్లో ఇరుక్కుని చిల్లుకు బదులు గుంట పడింది.

"లోపల మెత్తగా ఏదైనా పెట్టాలి," అన్నాడు మేస్త్రి. "నొక్కినప్పుడు అణగాలి, వదిలినప్పుడు బిళ్లను బయటికి తోసేయాలి. రబ్బరు లాంటిది. దళసరిది."

కోడలు షెడ్డంతా చూసింది. తర్వాత గుమ్మం వైపు చూసింది. మేస్త్రి కూడా అటే చూశాడు.

"నేను చూడలేదు," అన్నాడు.

అత్తయ్య చెప్పు అడుగు నాలుగు ముక్కలై గొట్టాల్లోకి వెళ్లింది. ఆ తర్వాత మెషీన్ ఆగలేదు. నొక్కే పలక మూసుకుంటుంది, తెరుచుకుంటుంది, నాలుగు బిళ్లలు కింద రాలుతాయి. పదకొండు గంటలకు యాభై. ఒంటిగంటకు రెండొందల పది. చెప్పు సంగతి తెలిసిన అత్తయ్య ఒంటికాలి చెప్పుతో వచ్చి గుమ్మంలో నిలబడి పది నిమిషాలు దులిపింది. ఆ తర్వాత తానే కూర్చుని మడతలు పెట్టింది. నాలుగున్నరకు ఐదు వందలూ అయ్యాయి. కింద రాలిన బిళ్లలను కోడలు చీపురుతో ఊడ్చి సంచిలోకి ఎత్తింది. రెండు వేలు. అవి కూడా గుజ్జు మిల్లుకే.

సోమవారం పెట్టెలు వెళ్లాయి.

కరెంటు షాపాయనకు మనుషులంటే ఇష్టం, ఫోనంటే ఇంకా ఇష్టం. మంగళవారం సాయంత్రం మొదటి ఫోను చేశాడు.

"మేస్త్రీ, కూర్చుని ఉన్నావా?"

"ఉన్నా."

"లేచి నిలబడు. పంతొమ్మిది!"

పద్నాలుగు రోజుల్లో పదిహేడు వచ్చిన చోట రెండు రోజుల్లో పంతొమ్మిది. మేస్త్రి లేచి నిలబడ్డాడు. గురువారం నలభై నాలుగు. శనివారం డెబ్భై ఒకటి. పెట్టె తెచ్చిన ప్రతివాళ్లూ ఏదో ఒకటి అంటున్నారని షాపాయన ఒక్క మాట వదలకుండా చెప్పేవాడు. ఒకామె సూదులు పెట్టి ఇల్లంతా వెతుక్కుందట. ఒకాయన ఎలుకలు కొట్టిన పెట్టె ఇచ్చారని కంపెనీని తిట్టి మరీ డ్రమ్ములో వేసి వెళ్లాడట. ప్రతి తిట్టుకూ మేస్త్రి "ఇంకా, ఇంకా?" అనేవాడు.

రెండో వారం బుధవారం నాటికి నూట నాలుగు. గురువారం నూట తొమ్మిది. అక్కడ ఆగింది.

"రావడం లేదు మేస్త్రీ," అన్నాడు షాపాయన. ఈసారి లేచి నిలబడమనలేదు.

ఆ రోజు పని దిగి కోడలు నేరుగా షాపుకి వెళ్లింది. బల్బు కోసం వచ్చిన ఒకామెను మాటల్లో పెట్టి అడిగింది. పెట్టె ఉంది. సెల్లులున్నాయి. కానీ రెండే.

"రిమోట్‌కి పట్టేది రెండేగా అమ్మా. ఇంకో రెండు అయిపోయాక తెస్తా. నిండని పెట్టె ఏం తేను?"

తర్వాత వచ్చినాయనా అదే చెప్పాడు. ఆయనది గోడ గడియారం, ఒక్క సెల్లు. ఇంటింటా పెట్టెలు సగం సగం నిండి కూర్చున్నాయి. అవి నిండేసరికి రెండు నెలలు పడుతుంది. గడువు రెండు రోజులు.

"నాలుగూ ఒకే ఇంటివి కావాలని రాసుందా?" అంది కోడలు.

షాపాయన అక్కడికక్కడే మేడంకు ఫోను కొట్టాడు. ఆమె కాగితం తీసి చదివింది. నిండు పెట్టె అని ఉంది. పాత సెల్లులు అని ఉంది. ఎవరివని లేదు.

శుక్రవారం పొద్దున షాపు ముందు అట్టముక్క వేలాడింది. 'ఒకటున్నా తెండి. రెండున్నా తెండి. ఇక్కడ జత కలుపుతాం.'

ఆ రోజు షాపులో బల్బులు అమ్మడానికి తీరిక లేదు.

"మీవి రెండా అమ్మా? ఇలా నిలబడండి. రెండు సెల్లుల పార్టీ ఇంకెవరండీ?"

"నావి రెండు."

"కుదిరింది. ఇద్దరూ ఒక పెట్టెలో వేయండి."

"మావి ఆరు నెలలు వాడినవండీ," అన్నాడు ఆ పెద్దమనిషి మొహమాటంగా.

"వీళ్లవీ అంతే. ఈడూజోడూ బాగుంది, వేసేయండి!"

మొదటి విడత ఇళ్ల వైపు నుంచి సీసా పెద్దాయన వచ్చాడు. సీసా చంకలో పెట్టుకుని, ఎండలో పెట్టినందుకు తన సెల్లులు త్వరగా జత కుదరాలని పట్టుబట్టాడు. ఆయనవి ముప్పై ఎనిమిది. ఖాళీగా మిగిలిన పెట్టెలు తొమ్మిది ఆయన ఒక్కడే నింపాడు. శుక్రవారం షాపు మూసే వేళకు నూట డెబ్భై ఆరు.

శనివారం మేస్త్రి పొద్దున్నే వచ్చి షాపులో స్టూలు మీద కూర్చున్నాడు. వసూలు చేయకూడదు గానీ కూర్చోకూడదని ఎవరూ అనలేదు. పన్నెండుకు రెండు వందల మూడు. మూడింటికి రెండు వందల ఇరవై ఎనిమిది. కోడలు పని దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. నాలుగింటికి మేడం వచ్చింది, చేతిలో సెల్లు పరీక్షించే మీటరుతో. నాలుగూ పదికి రెండు వందల నలభై ఒకటి. ఇరవై ఐదుకు నలభై ఆరు. ముప్పై ఎనిమిదికి నలభై తొమ్మిది.

ఆ తర్వాత ఎవరూ రాలేదు.

నాలుగూ నలభై ఐదు. మేస్త్రి లేచి గుమ్మం దాకా వెళ్లి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. "కూర్చో మేస్త్రీ, నేల అరిగిపోతోంది," అన్నాడు షాపాయన.

నాలుగూ యాభై ఒకటికి ఒకామె వచ్చి హోల్డరు అడిగింది. షాపాయన ఇచ్చాడు. ఆమె సంచిలో ఏదో వెతుక్కుంటూ, "అన్నట్టు, ఈ చిల్లుల డబ్బా ఇక్కడేనా వేయాల్సింది?" అంది.

షాపులో నలుగురూ ఆమె సంచి వైపు వంగారు.

"ఇక్కడే," అన్నాడు షాపాయన మెల్లగా. ఆయన గొంతు విని ఆమె భయపడింది.

పెట్టె తెరిచారు. మూడు సెల్లులు. ఒక గది ఖాళీ.

"జత కలపనివి ఏమైనా మిగిలాయా?" కోడలు బల్ల మీది పళ్లెం లాగింది. పళ్లెంలో ఐదున్నాయి. ఐదూ సన్నరకం. ఒకటి గదిలో వేసింది. చిల్లులోంచి జారి బల్ల మీద పడి దొర్లింది. సన్నవాటిని ఆపే చిల్లు కాదది. మేస్త్రి తన చేత్తో కోసినది.

"ఇంటికెళ్లి తెస్తానుండండి," అందామె.

"ఇల్లెక్కడమ్మా?"

"బస్సులో పావుగంట."

నాలుగూ యాభై నాలుగు. షాపాయన సొరుగులన్నీ లాగేశాడు. అన్నీ కొత్తవే. అమ్మకానికున్నవి. ఒకటి వాడి ఖాళీ చేయడానికి వ్యవధి లేదు. ఆమె ఈ హడావిడి అంతా చూస్తూ, ఎందుకో అర్థం కాక, టైమెంతయిందో అని గోడ వైపు చూసింది.

"ఇదేమిటండీ, మీ గడియారం రెండూ పది చూపిస్తోంది? ఆగిపోయినట్టుంది."

నలుగురూ గోడ వైపు తిరిగారు.

సెల్లులమ్మే షాపులో గోడ గడియారం ఆగి ఎన్నాళ్లయిందో షాపాయనకే తెలియదు. అందరూ ఫోనుల్లోనే టైము చూసుకుంటున్నారు. మేస్త్రి స్టూలెక్కాడు. కోడలు స్టూలు పట్టుకుంది. గడియారం దిగింది. వెనక మూత తీశారు. పెన్సిల్ సెల్లు, లావు రకం. మేడం మీటరు ఆనించింది. ముల్లు కదల్లేదు.

"అయిపోయింది," అంది మేడం.

"అయిపోయిందీ!" అని షాపాయన కేక పెట్టాడు. మేస్త్రి ఆ సెల్లును నాలుగో గదిలో దింపాడు. చిల్లు అంచు మీద కూర్చుంది. మూత పడింది. నాలుగూ యాభై ఎనిమిది. రెండు వందల యాభై.

ఇద్దరు కస్టమర్లు లోపలికి రాబోయి, చప్పట్లు విని, తమకేనేమో అనుకుని ఆగిపోయారు. పెట్టె తెచ్చినామె షాపాయనను పట్టుకుని అడిగింది, "నేనేం చేశానండీ?"

"మీరు హోల్డరు కొన్నారమ్మా. మీకు ఇంకో హోల్డరు ఊరికే!"

మేడం ప్రతి పదో పెట్టె తెరిచి మీటరు పెట్టి చూసింది. ఇరవై ఐదు పెట్టెలు, నూరు సెల్లులు, అన్నీ చచ్చినవే. సంతకం పెట్టింది. పెన్ను మూస్తూ అంది, "ఇక దీన్ని కాస్త అందంగా చేద్దాం మేస్త్రిగారూ. పైన మెరిసే పూత వేయిస్తాను. చిల్లులకు లోపలి నుంచి సన్నటి ప్లాస్టిక్ పొర అంటిస్తే చూడ్డానికి బాగుంటుంది."

"వద్దు," అన్నారు మామా కోడలూ ఒకేసారి.

"పొర అంటిస్తే అట్ట నుంచి ఊడదు మేడం," అంది కోడలు. "మా బెల్టు దగ్గర అలాంటివి రోజుకు బుట్టెడు పక్కన పారేస్తాం. గుజ్జు మిల్లు తీసుకోదు."

"పూతయినా వద్దా?"

"వద్దమ్మా," అన్నాడు మేస్త్రి. "బాగుంటే దాచుకుంటారు."

మేడం ఆయన ముఖం చూసింది. కాగితం మీద రెండు మాటలు కొట్టేసి, సోమవారం నుంచి కోయడం మొదలుపెట్టమంది. మొదటి విడత రెండు లక్షలు.

షాపు బయటికి వచ్చేసరికి మేస్త్రి నడక ఆగడం లేదు. కోడలు వెనక పరుగులాంటి నడకతో వస్తోంది.

"రెండు లక్షలు మామయ్యా!"

"విన్నాను. అమ్మాయ్, చేతి గడియారాల్లో ఉంటాయే, గుండీల్లాంటి సెల్లులు, అవి మీ బెల్టు మీదికి వస్తాయా?"

"ఎందుకు రావు? కంటికి ఆనవు, అదే బాధ. ఇళ్లలో పసిపిల్లలు మింగేవి కూడా అవే. ఆస్పత్రికి పరిగెత్తాలి."

"ఎంతుంటాయి?"

"చొక్కా గుండీ అంత. కొన్ని ఇంకాస్త పెద్దవి."

మేస్త్రి రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి కొలత చూస్తున్నాడు. "మూత పిల్లలకు రాకూడదు. పెద్దవాళ్లకు రావాలి. చిల్లు పెడితే లాభం లేదు. పక్కకు జరిగే నాలుక లాంటిది పెడితే..."

బస్సు ఒకటి హారన్ కొట్టింది.

"మామయ్యా, ముందు రోడ్డు దాటండి!"